బిల్లు మన పేరున లేనప్పుడు: మూడో మనిషి నెగ్లిజెన్స్ (అజాగ్రత్త వల్ల హాని) కేసును ఇంగ్లిష్ చట్టం ప్రకారం విప్పే పద్ధతి

పగలు నల్గొండ కోర్టులో ప్రాక్టీసు, సాయంత్రం ఎల్‌ఎల్‌బీ పిల్లలకు టార్ట్స్ క్లాసు, అంటే ఒప్పందం లేకున్నా ఒకరికి చేసిన హానికి పరిహారం ఇప్పించే చట్టం. ఎల్‌ఎల్‌ఎమ్‌కు ఇంగ్లండ్ పోయేవాళ్ళు కూడా పోయే ముందు కొన్నాళ్ళు నా దగ్గర కూర్చుంటారు. వీళ్ళందరినీ తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది. కాంట్రాక్టు ఇద్దరి మధ్య జరిగింది, దెబ్బ మాత్రం మూడో మనిషికి తగిలింది. ఆ మూడో మనిషి దావా వెయ్యొచ్చా?

ఈ ప్రశ్న పేపర్లో కనబడగానే చాలామంది నత్త కథ (1932 నాటి డొనహ్యూ కేసు, కింద చెబుతాను) మొదలుపెడతారు. సీసాలో నత్త, లార్డ్ ఆట్కిన్, పొరుగువాడి సూత్రం, కాబట్టి బాధ్యత ఉంది అని రెండు పేజీల్లో ముగిస్తారు. నేను దానికి మార్కులు వెయ్యను. ముందు చూడాల్సింది బాధ్యత కాదు, నష్టం. పోయింది ఒంటికా, ఆస్తికా, వట్టి డబ్బా? ఇది తేల్చుకున్నాకే ఏ కేసు చదవాలో తెలుస్తుంది. ఇది తేల్చకుండా రాసిన జవాబులో తీర్పులు ఎన్ని ఉన్నా దారి ఉండదు.

క్లాసులో నేను ఇచ్చే ప్రాబ్లమ్ మీదే చేసి చూపిస్తాను.

తిప్పర్తి వైపు ఒక రైతుకు బత్తాయి తోట ఉంది. బోరు మోటారు కాలిపోతే టౌనులో వైండింగ్ షాపుకు తెచ్చాడు. షాపతను వైండింగ్ చుట్టి, తోటకు వచ్చి మోటారు దింపి, స్టార్టర్ డబ్బా బిగించి, డబ్బులు తీసుకుని పోయాడు. పనికోసం విప్పిన ఎర్త్ వైరును మళ్ళీ కలపలేదు. కేబుల్ జాయింట్‌కు టేపు సరిగా చుట్టలేదు. మర్నాడు పాదులు చెయ్యడానికి వచ్చిన కూలి మనిషి ఇనుప డెలివరీ పైపు పట్టుకుంటే షాక్ కొట్టింది. అరచెయ్యి కాలి రెండు నెలలు పనికి పోలేకపోయింది. అదే పూట పక్క చేను రైతు బర్రె ఆ పైపు దగ్గర నీళ్ళకు మూతి పెట్టి చచ్చిపోయింది. మోటారు మళ్ళీ కాలింది. నీళ్ళు లేక కాయ రాలింది. ఆ కాయను చెట్టు మీదే బేరమాడి రైతుకు అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికి రావాల్సిన లాభం పోయింది. షాపు బిల్లు ఒక్కటే, అది రైతు పేరు మీద ఉంది.

ఇదంతా ఇంగ్లండ్‌లో జరిగిందనుకోండి. ఎవరికి ఏం వస్తుంది?

ముందు నష్టాలను విడగొట్టండి

తెల్ల కాగితం మీద మనుషుల పేర్లు రాసి, ఎదురుగా వాళ్ళకు ఏం పోయిందో రాయండి. కూలి మనిషికి చెయ్యి కాలింది, అంటే ఒంటికి దెబ్బ. రెండు నెలల కూలి డబ్బులు పోయాయి కదా, అది వట్టి డబ్బు నష్టం కాదా అని ఒకరిద్దరు అడుగుతారు. కాదు. ఆ కూలి పోయింది చెయ్యి కాలినందుకే. ఒంటికి తగిలిన దెబ్బ వెంట వచ్చిన డబ్బు నష్టం ఆ దెబ్బ లెక్కలోకే వస్తుంది. పక్క రైతుకు బర్రె పోయింది, అది ఆస్తి. మోటారు కాలడం వేరే రకం, ఎందుకంటే పాడైంది పని చేసిన వస్తువే, ఆ వస్తువు వల్ల ఇంకొకటి పాడవడం కాదు. వ్యాపారికి ఒంటికీ ఏం కాలేదు, అతని సొంత వస్తువూ చెడలేదు. జేబులోకి రావాల్సింది రాలేదు, అంతే.

రైతు సంగతి ఒక్క మాటలో అయిపోతుంది. అతనికి షాపుతో కాంట్రాక్టు ఉంది. మోటారు ఖర్చు, తోట నష్టం ఆ దారిలో అడుగుతాడు. అతని కోసం నెగ్లిజెన్స్ వెతకాల్సిన పని లేదు.

కాంట్రాక్టు అడ్డుగోడ ఎక్కడ లేచింది, ఎక్కడ కూలింది

1842 నాటి వింటర్‌బాటమ్ వర్సెస్ రైట్ చదవకుండా ఈ చట్టం అర్థం కాదు. తపాలా బండ్లు సమకూర్చి వాటిని బాగుగా ఉంచుతానని రైట్ పోస్ట్‌మాస్టర్ జనరల్‌తో ఒప్పందం చేసుకున్నాడు. గుర్రాలు, బండి తోలేవాళ్ళు ఇంకొకరి కాంట్రాక్టు. ఆ ఇంకొకరి దగ్గర పనిచేసే వింటర్‌బాటమ్ తోలుతుంటే బండి విరిగి అతను కుంటివాడయ్యాడు. కోర్టు అతన్ని వట్టి చేతులతో పంపింది. ఇతన్ని రానిస్తే రేపు బండిలోని ప్రతి ప్రయాణికుడూ, దారిన పోయే ప్రతి మనిషీ దావా వేస్తాడు, దీనికి అంతెక్కడ అని లార్డ్ అబింజర్ భయం. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. బండి తోలేవాడికంటే ఆ బండి మీద ఎక్కువ ఆధారపడినవాడు ఎవడుంటాడు? ఆ భయం పూర్తిగా తప్పు కాదు, వ్యాపారి దగ్గరికి వచ్చేసరికి మనమూ దాన్ని ఎదుర్కొంటాం. కానీ కుంటివాడైన మనిషి విషయంలో దాన్ని వాడడం అన్యాయం.

ఆ గోడకు పగుళ్ళు త్వరగానే పడ్డాయి. 1869లో జార్జ్ వర్సెస్ స్కివింగ్టన్‌లో భర్త కొన్న తల కడుక్కునే మందుతో భార్యకు హాని జరిగితే, తయారుచేసిన దుకాణదారు మీద ఆమె దావా నిలబడింది. 1883లో హెవెన్ వర్సెస్ పెండర్‌లో బ్రెట్ అనే జడ్జి పెద్ద సూత్రమే చెప్పబోయాడు, తోటి జడ్జీలు అంత దూరం రాలేదు. పరీక్షకు ఈ రెండూ చెరొక వాక్యం చాలు.

ఆ తర్వాత నత్త. 1928 ఆగస్టు 26న స్కాట్లండ్‌లోని పెయిస్లీలో, వెల్‌మెడో కేఫ్‌లో మే డొనహ్యూకు ఆమె స్నేహితురాలు జింజర్ బీర్ ఇప్పించింది. డబ్బులు ఇచ్చింది స్నేహితురాలు కాబట్టి కేఫ్‌తో డొనహ్యూకు కాంట్రాక్టు లేదు. సీసా ముదురు రంగు గాజు, లోపల ఏముందో కనబడదు. సగం తాగాక మిగతాది వంపితే కుళ్ళిన నత్త బయటపడిందని ఆమె ఫిర్యాదు. నా జూనియర్లకు నేను చెప్పేది జడ్జీల గురించి కంటే ఆమె లాయర్ వాల్టర్ లీచ్‌మన్ గురించి. సీసాలో ఎలుక వచ్చిందన్న కేసును అదే లాయర్ 1929 మార్చిలో ఓడిపోయాడు. కొద్ది వారాలకే నత్త కేసు వేశాడు. డొనహ్యూ బీదరాలు, కోర్టు ఖర్చులకు కూడా డబ్బు లేదని హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టు) ముందు రాతపూర్వకంగా చెప్పుకుంది. 1932 మే 26న ముగ్గురు లార్డులు ఆమె వైపు, ఇద్దరు ఎదురు. స్కాట్లండ్ కేసే అయినా, ఈ విషయంలో రెండు దేశాల చట్టం ఒకటేనని అనుకునే తీర్పు చెప్పారు. నత్త నిజంగా ఉందా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు, తర్వాత రాజీ అయిపోయింది.

ఆట్కిన్ చెప్పింది రెండు స్థాయిల్లో ఉంది, రెండింటినీ కలిపెయ్యకండి. పెద్ద మాట: నేను చేసే పనివల్ల దెబ్బతింటారని నాకు తట్టాల్సిన మనుషులంతా చట్టం దృష్టిలో నా పొరుగువాళ్ళు, వాళ్ళ పట్ల జాగ్రత్త తీసుకోవాలి. చిన్న మాట, కేసును తేల్చిన మాట: తయారీదారు దగ్గర్నుంచి బయల్దేరిన స్థితిలోనే, మధ్యలో ఎవరూ పరీక్షించి చూసే అవకాశం లేకుండా వాడేవాడి చేతికి చేరాల్సిన వస్తువు అయితే, జాగ్రత్త తీసుకోకుంటే వాడేవాడి ప్రాణానికో ఆస్తికో హాని కలుగుతుందని తెలిస్తే, వాడేవాడికి తయారీదారు జాగ్రత్త బాకీ. ప్రాణానికో ఆస్తికో అన్నది గీత గీసి పెట్టుకోండి. లాభానికి అని ఆయన అనలేదు.

మన ప్రాబ్లమ్‌లో తయారీదారు లేడు, మెకానిక్ ఉన్నాడు

ఇక్కడ పిల్లలు ఆగిపోతారు. మోటారు కంపెనీ తప్పేం లేదు, చేసింది వైండింగ్ అతను, నత్త కేసు అతనికి పనికొస్తుందా? పనికొస్తుంది. దానికి రెండు కేసులు పెట్టుకోండి, నత్తకంటే ఇవే మనకు దగ్గర.

1939 నాటి స్టెనెట్ వర్సెస్ హాంకాక్‌లో లారీ యజమాని చక్రాన్ని రిపేరుకు ఇచ్చాడు. బాగుచేసిన చక్రం బిగించుకుని రోడ్డెక్కాక కొద్దిసేపటికే చక్రానికుండే ఇనుప పట్టీ ఊడి, పేవ్‌మెంట్ మీద పోతున్న ఆమె కాలికి తగిలింది. బాధ్యత రిపేరు చేసినవాడిది. యజమాని మీద దావా పోయింది, ఎందుకంటే పని తెలిసినవాడికే ఇచ్చాడు, చక్రం విప్పి చూడమని అతన్ని అనలేం. 1941 నాటి హేజెల్‌డైన్ వర్సెస్ డాలో ఫ్లాట్లలో ఎవరినో కలవడానికి వచ్చిన మనిషి ఎక్కిన లిఫ్టు కింద పడింది. లిఫ్టు ఇంజనీర్లు ప్యాకింగ్ దగ్గర ఒక భాగం పాడైనా అలాగే బిగించేశారు. వచ్చిన మనిషికి వాళ్ళతో ఏ ఒప్పందమూ లేదు, అయినా ఇంజనీర్లు పరిహారం కట్టాలన్నారు. బిల్డింగ్ యజమాని తప్పించుకున్నాడు, సమర్థులైన ఇంజనీర్లను పెట్టాడని.

ఇప్పుడు స్టార్టర్ డబ్బా చూడండి. తోటలో పైపు ముట్టేది రైతు ఒక్కడేనా? కూలీలు ముడతారు, పశువులు మూతి పెడతాయి. ఎర్త్ లేని డబ్బా ఎవరి ప్రాణం తీస్తుందో బోర్ల మీద బతికే మెకానిక్‌కు తెలియకుండా ఉండదు. పని ముగించి వెళ్ళేటప్పుడు స్విచ్ వేసి చూపించే వెళ్ళాడు, అంటే వెంటనే వాడతారని తెలుసు. కూలి మనిషికి అతను జాగ్రత్త బాకీ ఉన్నాడు.

జవాబులో నేను వెతికే ఒక చిన్న పేరా ఉంది, చాలామంది అది రాయరు. మధ్యలో ఎవరైనా చూసి సరిచేసే అవకాశం ఉందా? 1937లో క్యూబాక్ వర్సెస్ హాలండ్స్‌లో బడి ల్యాబులో ఒక అమ్మాయి ప్రయోగం చేస్తుంటే పొడి పేలింది. తయారీదారు సరుకుతోనే, వాడే ముందు పరీక్షించుకోవాలని దుకాణదారుకు చెప్పి ఉన్నాడు. దుకాణదారు పరీక్షించలేదు, బడికీ ఆ సంగతి చెప్పలేదు. తయారీదారు తప్పించుకున్నాడు, దుకాణదారు ఇరుక్కున్నాడు. కాబట్టి మన షాపతను వెళ్తూ రైతుతో ఏమన్నాడో కనుక్కోండి. 'అన్నా, ఎర్త్ ఇంకా కలపలేదు, కలిపేదాకా ఎవరినీ దగ్గరికి రానియ్యకు' అని ఉంటే కథ మారిపోతుంది, బరువంతా రైతు మీదికి జరుగుతుంది. ఏమీ అనకుండా 'నడుస్తుంది పటేలా' అని చెయ్యి దులుపుకుని పోతే షాపుకు ఆ అడ్డం లేదు. ఆ మాట విన్న సాక్షి ఎవరు అని ముందే అడగాలి.

కూలి మనిషి విషయంలో ఇంకో అలవాటు మానండి. ప్రతి నెగ్లిజెన్స్ ప్రశ్నకూ కపారో తీర్పులోని మూడు మెట్లు రాయడం: ఊహించగలమా, దగ్గరితనం ఉందా, బాధ్యత మోపడం న్యాయమా. 2018లో రాబిన్సన్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇది తప్పని స్పష్టంగా చెప్పింది. ఇప్పటికే తేలిపోయిన రకం కేసైతే పాత తీర్పులను పట్టుకుని పొండి, న్యాయమా కాదా అని మళ్ళీ మొదటి నుంచి తూకం వెయ్యొద్దు. ప్రమాదకరంగా రిపేరు చేసి ఒంటికి దెబ్బ తగిలించడం ఎప్పుడో తేలిపోయిన రకం.

రుజువు

బాధ్యత ఉందనగానే గెలిచినట్టు కాదు. పని తెలిసిన మెకానిక్ అలా వదిలేసేవాడా, ఆ వదిలెయ్యడం వల్లే షాక్ కొట్టిందా అన్నవి వాది రుజువు చెయ్యాలి. ఇక్కడ 1935లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ సామ్రాజ్య దేశాల అప్పీళ్ళు వినే లండన్ కోర్టు) తేల్చిన గ్రాంట్ కేసు ఆసరా ఇస్తుంది. ఆస్ట్రేలియాలో ఒకాయన ఉన్ని లోదుస్తులు కొన్నాడు, అందులో మిగిలిపోయిన రసాయనంతో ఒళ్ళంతా చర్మవ్యాధి వచ్చింది. ఫ్యాక్టరీలో ఏ కార్మికుడు ఏ పూట సరిగా ఉతకలేదో వాది చూపించనక్కర్లేదు, ఆ రసాయనం బట్టలో ఉండిపోయిందంటేనే ఎవరో అజాగ్రత్తగా ఉన్నారని అనుకోవచ్చు అన్నారు. అదే కేసులో దుకాణం కాంట్రాక్టు దారిలో, ఫ్యాక్టరీ నెగ్లిజెన్స్ దారిలో, ఇద్దరూ బాధ్యులయ్యారు. ఒకే దెబ్బకు రెండు దారులు పక్కపక్కనే నడుస్తాయని చూపించడానికి ఇంతకంటే మంచి కేసు లేదు.

బర్రె విషయం కూలి మనిషి దారిలోనే పోతుంది, ఆస్తి నష్టం కాబట్టి. ఒక్క తేడా: బర్రె ఆ తోటలోకి ఎలా వచ్చింది? నీళ్ళకు రానిచ్చే అలవాటుందా, కంచె దాటి వచ్చిందా? యజమాని అజాగ్రత్త కొంత ఉంటే 1945 నాటి చట్టం కింద పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది, దావా మాత్రం పోదు.

బిల్లు వెనక 'ఏ ప్రమాదానికీ మా బాధ్యత లేదు' అని అచ్చేసి ఉంటే భయపడకండి. 1977 నాటి అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్ టర్మ్స్ చట్టం, రెండో సెక్షన్ ప్రకారం వ్యాపారం చేసేవాడు తన నెగ్లిజెన్స్ వల్ల కలిగిన చావుకు, గాయానికి బాధ్యత లేదని కాగితంలోనూ గోడ మీదా రాసుకుని తప్పించుకోలేడు. బర్రె లాంటి ఆస్తి నష్టానికైతే ఆ షరతు సమంజసంగా ఉందో లేదో కోర్టు చూస్తుంది.

డబ్బు మాత్రమే పోయినప్పుడు

ఇప్పుడు వ్యాపారి. ఇక్కడ నేను క్లాసు వేగం తగ్గిస్తాను, ఎందుకంటే న్యాయం అనిపించేది ఒకటి, చట్టం ఇంకొకటి.

1972లో స్పార్టన్ స్టీల్ అనే కేసు తేలింది. రోడ్డు తవ్వేవాళ్ళు కరెంటు కేబుల్ తెంపారు. దగ్గర్లోని ఉక్కు కర్మాగారానికి పద్నాలుగున్నర గంటలు కరెంటు లేదు. కొలిమిలో కరుగుతున్న లోహం పాడైంది, దాని విలువ 368 పౌండ్లు తగ్గింది, అది అమ్మితే వచ్చే లాభం 400 పౌండ్లు పోయింది. కరెంటు ఉంటే ఇంకో నాలుగు సార్లు కరిగించేవాళ్ళు, ఆ లాభం 1,767 పౌండ్లు. మొదటి రెండూ ఇచ్చారు, మూడోది ఇవ్వలేదు. మిర్యాలగూడ నుంచి వచ్చే పిల్లలకు దీన్ని రైస్ మిల్లు మీద చెబుతాను. జేసీబీ కేబుల్ తెంపినప్పుడు ట్యాంకులో నానుతున్న, ఉడుకుతున్న వడ్లు వాసనొచ్చి పాడైతే ఆ వడ్ల విలువా, ఆ బియ్యం మీద లాభమూ వస్తాయి. కరెంటు లేక రాత్రి షిఫ్టు నడవని నష్టం రాదు. కేబుల్ మిల్లుది కాదు, ఆడని షిఫ్టులో చెడిపోయిన వస్తువు లేదు. మిల్లు ఓనర్ల పిల్లలు దీని మీద గట్టిగా వాదిస్తారు, వాదించనిస్తాను కూడా. కానీ ఊరంతా కరెంటు పోయినప్పుడు ప్రతి జిరాక్స్ షాపు, ప్రతి చికెన్ సెంటరు కేబుల్ తెంపినవాడి మీదికి వస్తే ఆ లెక్క ఎక్కడ ఆగుతుంది? అబింజర్ భయానికి ఇక్కడ బలం ఉంది.

మోటార్ల మీదే ఒక కేసుంది, మ్యూర్‌హెడ్, 1985. ఒక వ్యాపారి పెద్ద సముద్రపు రొయ్యలను చవగ్గా ఉన్నప్పుడు కొని, క్రిస్మస్‌కు అమ్ముదామని తొట్లలో ఉంచాడు. నీళ్ళు తిప్పే పంపుల మోటార్లు ఫ్రాన్స్‌లో తయారైనవి, ఇంగ్లండ్ వోల్టేజీకి సరిపోక ఆగిపోయాయి. రొయ్యలు చచ్చిపోయాయి. పంపులు అమర్చినవాడు దివాలా తీస్తే మోటారు తయారీదారు మీద దావా వేశాడు. చచ్చిన రొయ్యల విలువ, వాటి వెంట పోయిన లాభం వచ్చాయి. పంపుల ఖర్చూ, వ్యాపారమే నడవక పోయిన మిగతా లాభమూ రాలేదు.

దీన్ని పట్టుకుని మన వ్యాపారిని చూడండి. కాయ రాలింది కదా, అది ఆస్తి నష్టమే కదా అంటారు. ఆస్తి నష్టమే, కానీ ఎవరి ఆస్తి? 1986లో అలియాక్మాన్ కేసులో ఓడలో వస్తున్న ఉక్కు చుట్టలు సరిగా సర్దక చెడిపోయాయి. నష్టం భరించాల్సింది కొనుగోలుదారే, కానీ చెడిపోయిన సమయానికి సరుకు ఇంకా అతని సొంతం కాలేదు. ఓడ యజమాని మీద అతని దావా కొట్టేశారు. చెడిపోయినప్పుడు సరుకు నీది అయి ఉండాలి, లేదా నీ స్వాధీనంలో ఉండాలి. చెట్టు మీద కాయకు అడ్వాన్సు ఇచ్చినంత మాత్రాన కాయ వ్యాపారిది అవుతుందా అన్నది రైతుతో అతను రాసుకున్న కాగితాన్ని బట్టి ఉంటుంది. కోసి తూకం వేశాక సొంతమయ్యేటట్టైతే, రాలిన కాయ రైతుది. వ్యాపారి షాపు మీదికి పోలేడు, రైతునే కాంట్రాక్టు మీద అడగాలి. రైతు ఆ భారాన్ని షాపు మీద వేసుకుంటాడు. గొలుసు కాంట్రాక్టుల గుండానే వెనక్కి పోతుంది.

మళ్ళీ కాలిన మోటారు కూడా ఈ వరుసలోదే. రైతు ఆ తోటను మోటారుతో సహా ఇంకొకరికి అమ్మి, కొన్నవాడి చేతిలో అది కాలితే, కొన్నవాడికి నెగ్లిజెన్స్‌లో మోటారు ఖర్చు రాదు. 1990లో మర్ఫీ కేసులో పునాది చెడిన ఇంటి గురించి హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇదే చెప్పింది, అంతకు ముందు ఆన్స్ కేసులో తాము ఇచ్చిన తీర్పునే రద్దు చేసి. ఇళ్ళకు మాత్రం 1972 నాటి డిఫెక్టివ్ ప్రెమిసెస్ చట్టం ఉంది, కట్టినవాడి బాధ్యత తర్వాత కొన్నవాళ్ళ దాకా పోతుంది. ఇల్లు అన్న మాట ప్రశ్నలో కనబడితే అది మరవొద్దు.

డబ్బు నష్టానికీ తలుపు తెరుచుకునే చోట్లు

1963లో హెడ్లీ బర్న్ తీర్పు వచ్చాక, నా మాట మీద ఆధారపడతావని తెలిసి నేను బాధ్యత తలకెత్తుకుని సలహా ఇస్తే, డబ్బు నష్టానికైనా జవాబు చెప్పాలి. ఆ కేసులో బ్యాంకు 'బాధ్యత లేకుండా చెబుతున్నాం' అని రాసుకుంది కాబట్టి గెలిచింది. కంపెనీ ఆడిటర్ రిపోర్టు చూసి షేర్లు కొన్నవాళ్ళకు తలుపు తెరుచుకోలేదు, కపారో అదే. ఇల్లు కొనే మామూలు మనిషికి, లోన్ ఇచ్చే సంస్థ పంపిన సర్వేయర్ మీద తెరుచుకుంది, 1989లో స్మిత్ వర్సెస్ బుష్.

వీటన్నిట్లో నాకు బాగా ఇష్టమైనది 1995 నాటి వైట్ వర్సెస్ జోన్స్. ఒక పెద్దాయన కూతుళ్ళతో గొడవపడి వీలునామాలో వాళ్ళకు ఏమీ లేకుండా చేశాడు. తర్వాత కలిసిపోయారు. చెరొక 9,000 పౌండ్లు ఇస్తూ కొత్త వీలునామా రాయమని 1986 జూలైలో సొలిసిటర్లకు (ఇలాంటి కాగితాలు రాసే అక్కడి వకీళ్ళకు) ఉత్తరం పంపాడు. వాళ్ళు వాయిదాలు వేస్తూ పోయారు. సెప్టెంబరులో ఆయన చనిపోయాడు. కాంట్రాక్టు ఆయనకూ సొలిసిటర్లకూ మధ్య. నష్టపోయిన కూతుళ్ళు దానికి బయటివాళ్ళు. దావా వెయ్యగలిగిన ఎస్టేటుకు, అంటే ఆయన వదిలిపోయిన ఆస్తికి, నష్టం లేదు, నష్టపోయినవాళ్ళకు దావా హక్కు లేదు. హౌస్ ఆఫ్ లార్డ్స్ జడ్జీలు ముగ్గురు ఇద్దరుగా చీలి కూతుళ్ళకు ఇవ్వాలన్నారు. వీలునామాలు రాసే ప్రతి వకీలూ దీన్ని టేబుల్ మీద పెట్టుకోవాలి. రేపు రమ్మని పంపిన ముసలాయన వెనక, మనం ఎప్పుడూ చూడని మనుషులు ఉంటారు.

నెగ్లిజెన్స్ రాయడంలో పడి రెండు చట్టాలు మరిచిపోతారు. 1999 నాటి మూడో పక్షాల హక్కుల చట్టం కింద, కాంట్రాక్టే ఒక బయటి మనిషికి మేలు చెయ్యాలని ఉద్దేశించి ఉంటే ఆ మనిషి నేరుగా కాంట్రాక్టునే అమలు చేయించుకోవచ్చు. మన బిల్లులో అలాంటిదేం లేదు, ఒక వాక్యంలో వదిలెయ్యండి. 1987 నాటి కన్స్యూమర్ ప్రొటెక్షన్ చట్టం కింద లోపమున్న వస్తువు తయారీదారు అజాగ్రత్త రుజువు లేకుండానే బాధ్యుడు. కానీ మన తప్పు మెకానిక్‌ది, పైగా పాడి బర్రె లాంటి వ్యాపారపు ఆస్తికి ఆ చట్టం వర్తించదు.

గడువు: గాయానికి మూడేళ్ళు, ఆస్తికి ఆరేళ్ళు, 1980 నాటి లిమిటేషన్ చట్టం. గాయం కేసులో ముందు క్లెయిమ్ లెటర్ పంపితే, అవతలివాళ్ళు 21 రోజుల్లో అందిందని చెప్పి, ఆ పైన మూడు నెలల్లోగా విచారించుకుని జవాబివ్వాలి.

మన దగ్గర ఇలాంటిది వస్తే

ఇంగ్లిష్ తీర్పులు మన కోర్టులను కట్టిపడెయ్యవు, కానీ మన టార్ట్స్ వాటి మీదే పెరిగింది, వాదనలో చూపిస్తే జడ్జీలు వింటారు. మన కాంట్రాక్టు చట్టం కొంచెం ఉదారం. ప్రతిఫలం (ఇచ్చిన మాటకు బదులుగా ఇచ్చేది) వేరేవాళ్ళు ఇచ్చినా చెల్లుతుందని 1880ల మొదట్లోనే చిన్నయ్య వర్సెస్ రామయ్యలో మద్రాసు హైకోర్టు చెప్పింది. అయినా కాంట్రాక్టుకు బయటివాడు దాని మీద దావా వెయ్యలేడన్న నియమాన్ని 1969లో చాకో కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు కొన్నవాడినే కాదు, అతని అనుమతితో వాడినవాడినీ, సేవ పొందినవాడినీ వినియోగదారు కింద లెక్కిస్తుంది. ప్రొడక్ట్ లయబిలిటీ అధ్యాయం వేరుగా ఉంది. ఆ చట్టంలో హాని అంటే ఒంటికీ, ఇతర ఆస్తికీ జరిగింది. ఆ వస్తువుకే జరిగిన నష్టాన్నీ, వ్యాపార నష్టాన్నీ అందులోంచి తీసేశారు. మర్ఫీ, స్పార్టన్ స్టీల్ చదివినవాళ్ళకు ఆ గీత ఎక్కడిదో వెంటనే తెలిసిపోతుంది. వినియోగదారుల కమిషన్‌కు పోవడానికి గడువు రెండేళ్ళు.

ఇలా షాక్ కొట్టిన ఒకామె అన్నను వెంటబెట్టుకుని నా ఆఫీసుకు వచ్చింది. చేతికి కట్టు. 'బిల్లు పటేల్ పేరు మీదున్నది గద మేడం, షాపోన్ని అడిగే హక్కు మాకేడుంటది?' అంది. బిల్లు సంగతి తర్వాత, ముందు తోటకు పోయి స్టార్టర్ డబ్బా ఫొటోలు తియ్యండి, మూత తీసి లోపల ఎర్త్ బోల్టు దగ్గర, తేదీ పడేటట్టు అన్నాను. ఇలాంటప్పుడు రైతు మంచివాడైతే అదే రోజు ఇంకో మెకానిక్‌ను పిలిచి బాగుచేయిస్తాడు, దాంతో సాక్ష్యం పోతుంది. రెండో మెకానిక్ వచ్చాడంటే విప్పకముందు అతను చూసింది చూసినట్టు రాయించి సంతకం తీసుకోవాలి. ఆస్పత్రి చీటీలో కరెంటు షాక్ అని రాశారా, ఉత్తగా కాలిన గాయం అని రాశారా చూడాలి. కూలి ఎంత, ఎన్ని రోజులు పోయిందో మేస్త్రీ హాజరు బుక్కులోంచి తీసుకోవాలి.

నోటీసు ఇద్దరికీ పంపాలి, షాపుకూ రైతుకూ. రైతుకు పంపడానికి కూలీలు జంకుతారు, రేపు పనికి పిలవడని. అప్పుడు రైతుకు వేరుగా, మర్యాదగా, షాపు చేసిన పని వివరాలు, షాపతను వెళ్తూ ఏమన్నాడో రాసి ఇవ్వమని అడుగుతూ ఉత్తరం పంపొచ్చు. షాపు నోటీసులో కాంట్రాక్టు మాటే ఎత్తకండి. ఫలానా తేదీన మీరు ఫలానా బోరుకు పనిచేశారు, ఎర్త్ కలపకుండా కరెంటు ఇచ్చారు, ఆ పైపును కూలీలు ముడతారని మీకు తెలుసు, ఆ కారణంగా నా క్లయింటు చెయ్యి కాలింది, వైద్యం ఖర్చు ఇంత, పోయిన కూలి ఇంత, నొప్పికి ఇంత. ఇవి వరుసగా రాసి, స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ పెట్టించి పంపి, అందినట్టు వచ్చిన రుజువును ఫైల్లో కుట్టి పెట్టండి.